పోనన్న బతుకమ్మ, నేను పారేసిన బెండ్లు

మెదక్ నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అలాంటి ఊళ్ళో, ఒక పాత కోళ్ళ షెడ్డులో, సముద్రానికి సరుకు తయారుచేసే కంపెనీలో పనిచేసి నేను రిటైరయ్యాను. నవ్వకండి. మా ఊరివాళ్ళు మీకంటే ముందే, మీకంటే గట్టిగా నవ్వేశారు.

కాలేజీ గడప దాటకముందే స్టార్టప్ పెడతామంటున్న ఇప్పటి పిల్లలకి ఈ ముచ్చట చెప్పాలనిపించింది. ఆ మాట అప్పటికి మా ఊరికి రాలేదు. ఎదురుగా ఉంటే "కొత్త కంపెనీ" అనేవాళ్ళు, మలుపు తిరగ్గానే "పటేల్ కొడుకు పిచ్చి" అనేవాళ్ళు.

అంతకుముందు నేను బీడీ కార్ఖానాలో చెకర్‌ని. ఆడవాళ్ళు చుట్టి తెచ్చిన బీడీల్లో వంకరవి, వదులువి ఏరి పారెయ్యడం నా పని. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్ళి భోజనాల్లో కూడా విస్తట్లో వంకర అప్పడాన్ని పక్కకి జరిపేవాణ్ణి. "నన్నెట్ల పాస్ చేసినవో నాకైతే సమజ్ కాదు" అనేది మా ఆవిడ. ఢిల్లీలో ఎవరో దేశం తలుపులు తెరిచారన్నారు. ఆ తలుపుల్లోంచి మా వీధి కిరాణా కొట్లకి ప్లాస్టిక్ కవర్లు, మెరిసే గుట్కా పొట్లాలు వచ్చాయి. బీడీ తాగేవాళ్ళు తగ్గిపోయారు, కార్ఖానా ముడుచుకుపోయింది, నేను ఇంట్లో కూర్చుని కూరగాయలు ఏరడం మొదలుపెట్టాను. మా ఆవిడే నన్ను ఎక్కడైనా పనిలో పెట్టమని ఊరి పెద్ద పటేల్ ఇంటికి వెళ్ళి అడిగింది.

పటేల్ చిన్నకొడుకు, మేం చిన్న పటేల్ అనేవాళ్ళం, ఇంజనీరింగ్ చదివాడు. అతని క్లాస్‌మేట్ మా దగ్గరి టేక్మాల్ ఊరి అమ్మాయి, కెమిస్ట్రీలో దిట్ట. కాలేజీ టూర్‌లో ఇద్దరూ ఏదో కోస్తా ఊళ్ళో చేప కోయించుకుంటే కడుపులో తెల్ల పూసలు కనిపించాయట. వలలు మునిగిపోకుండా పైఅంచుకి కట్టే థర్మాకోల్ బెండ్లు అలలకి చితికి, చేపల పొట్టల్లోకి చేరుతున్నాయని అక్కడివాళ్ళు చెప్పారు. ఈ అమ్మాయికి చిన్నప్పటి జీలుగు బెండు గుర్తొచ్చింది. చెరువు అంచున నీళ్ళల్లో పెరిగే జీలుగు మొక్క కాండమే ఆ బెండు. పెళ్ళి బాసికాలకి వాడతాం, పూర్వం మా చెరువుల్లో వలలకీ అదే కట్టేవాళ్ళు. దాన్నే గట్టిగా కట్టి, పైన పూత వేసి సముద్రానికి పంపితే థర్మాకోల్ అక్కర్లేదు కదా అనుకున్నారు. ఊరికి మాత్రం వాళ్ళిద్దరి పెళ్ళెప్పుడన్న దానిమీద ఉన్న శ్రద్ధ బెండ్లమీద లేదు.

షెడ్డు పటేల్‌ది. అందులో కోళ్ళు పోయాక ఖాళీగా ఉంటే కొడుక్కి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడే మా అందరినీ నిలబెట్టి మాట చెప్పాడు.

"దసరా దాక చూస్త. గప్పటికి మీ బెండ్లు కొనేటోడు ఒక్కడన్న రాకపోతే షెడ్డు ఖాళీ చెయ్యుండ్రి. కోడిపిల్లలకు ఇప్పటికే చెప్పిపెట్టిన."

పటేల్ అప్పట్లో మా ఊరి ఉద్యమ కమిటీకి పెద్ద. ఊరంతా ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డుమీదే ఉండేది. ఒకరోజు బందు, ఒకరోజు ర్యాలీ, ఒకరోజు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. మైకు పట్టుకుంటే ఆయన చేతిలోంచి లాక్కునేవాడు పుట్టలేదు. ఇంట్లో మాత్రం మాట తక్కువ మనిషి. కొడుకుతో బెండ్ల గురించి ఒక్కసారి కూడా ప్రేమగా మాట్లాడగా నేను చూడలేదు.

పనికి బీడీలు చుట్టే ఆడవాళ్ళే వచ్చారు. వాళ్ళలో నోరున్న మనిషి ఒకామె, ఊరంతా పెద్దక్క అనేది. కార్ఖానాలో నేను ఆమె బీడీలు పారేసినంతగా ఇంకెవరివీ పారెయ్యలేదు, ఆమె నన్ను తిట్టినంతగా ఇంకెవరూ తిట్టలేదు. షెడ్డులో నన్ను చూడగానే నెత్తి పట్టుకుంది.

"అవ్వో! సముద్రందాక పోయినా ఈ అన్న నన్ను ఇడిసేటట్టు లేడు."

కాని ఆ పొగాకు దుమ్ము వదిలాకే పెద్దక్క దగ్గు తగ్గింది. షెడ్డు మూతపడితే ఆమె మళ్ళీ ఆ బీడీల చాట ముందుకే పోవాలి. ఆ సంగతి ఆమె ఎన్నడూ అనలేదు, మేమూ అనలేదు.

మొదటి పూత చింతగింజల అంబలి. బొమ్మలు చేసేవాళ్ళు వాడేదే, ఆరితే రాయిలా గట్టిపడుతుంది. సిమెంటు గోలెంలో ఉప్పు కలిపి దాన్నే మా సముద్రం అనుకున్నాం. ఉప్పు బస్తాలు దిగుతుంటే ఎదురింటావిడ "ఇంత ఊరగాయ ఎవరికి పెడుతున్రు?" అని అడిగింది. గోలెంలో బెండ్లు బ్రహ్మాండంగా తేలాయి. కోస్తాలో బోట్లున్న ఒక పెద్దమనిషికి మంచివి ఏరి పంపాం. వారం తిరక్కుండా ఫోనొచ్చింది. అందరం వినాలని చిన్న పటేల్ స్పీకర్ పెట్టాడు.

"బాబూ, మీ బెండ్లు మాకేమో గానీ చేపలకి తెగ నచ్చాయండి. వల జోలికి రాకుండా బెండ్లు తినేసి పోతున్నాయి. చేపల తరఫున మీకు దణ్ణాలు చెప్పమన్నారు మావోళ్ళు."

ముందుగా పెద్దక్కే నవ్వింది.

"మా గోలెంల చాపలేడున్నయ్ మరి? ఉప్పు గలిపినం గని చాపను గలుపుడు మరిచినం."

నిజమే. సముద్రం తయారుచేశామనుకున్నాం, అందులో చేపలుంటాయన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. చెరువు మాకు పక్కనే ఉంది. అయినా సముద్రపు సరుకుని చెరువులో పరీక్ష చేస్తే నామోషీ అనుకున్నాం.

టేక్మాల్ అమ్మాయి రెండు రోజులు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. తర్వాత గుగ్గిలం తెప్పించింది. దాన్ని కరిగించి నూనె కలిపి వేడివేడిగా పూత వేసింది. దానితో షెడ్డంతా గుడిలో ధూపం వేసినట్టు ఘుమఘుమలాడింది. ఒక ముసలావిడ రోడ్డున పోతూ చెప్పులు విడిచి మా గేటుకి దణ్ణం పెట్టిపోయింది. పటేల్ పొద్దున్నే అటు నడకకి వచ్చి, ముక్కు చిట్లించి వెళ్ళిపోయేవాడు.

బోట్ల పెద్దమనిషిని మళ్ళీ బతిమాలితే ఆయన ఒక షరతు పెట్టాడు. "పండక్కి ఖాళీయే కదా, ఈసారి నేనే వస్తానండి. బాగా బరువు పెట్టి రెండు రాత్రులు నీళ్ళల్లో వదలాలి. మునక్కూడదు, చేప ముట్టకూడదు. నిలబడితే మా బోట్లన్నిటికీ మీ బెండ్లే. లేదంటే ఇంక ఫోన్లు వద్దండి." సద్దుల బతుకమ్మ, అంటే బతుకమ్మ పండగ చివరి రోజు నాటికి దిగుతానన్నాడు. సద్దులకీ దసరాకీ మధ్య సరిగ్గా రెండు రాత్రులు. మాకు అంతకంటే ఎక్కువ గడువు లేదు.

ఆయన కోసం నేను పూత ఆరిన ఒక్కో బెండునీ కళ్ళలో ఒత్తులు వేసుకుని చూశాను. చిన్న పటేల్ గీసిన డ్రాయింగులో బెండు రెండు కొసలూ సమానంగా, నిటారుగా ఉండాలి. మా ఆడవాళ్ళ చెయ్యి మాత్రం బీడీ చెయ్యి. కొస రాగానే వాళ్ళకి తెలియకుండానే వేళ్ళు నొక్కేసేవి. పెద్దక్క కట్టిన ప్రతిదీ పెద్ద బీడీలాగే ఉండేది. "దీన్ని ఎవడు ముట్టియ్యాలె అక్కా?" అంటూ అన్నీ పక్కకి విసిరేశాను. పారేసినవి గుగ్గిలం పొయ్యిలోకి పోవాలి. ఆ గుట్ట తగ్గుతుంటే పొయ్యి బాగా మండుతోందనుకున్నాను.

సద్దుల నాడు పెద్దమనిషి రాలేదు. మా జిల్లా నర్సాపూర్ దగ్గర బందుకి రోడ్డు మూసేశారని ఫోన్ చేశాడు. మర్నాడు కూడా కారు కదలలేదు. చిన్న పటేల్ షెడ్డు గుమ్మంలో కూర్చుని మట్టిలో గీతలు గీస్తుండిపోయాడు. ఆయన దసరా నాడు వచ్చినా ఇంక రెండు రాత్రుల పరీక్షకి వ్యవధి ఎక్కడిది?

అదే రోజు పొద్దున, అంటే సద్దుల మర్నాడు, పెద్దక్క మా ఇంటికొచ్చింది. ఆమె మొహంలో ఎన్నడూ చూడని భయం.

"అన్నా, జర చెరువు కాడికి రా. గౌరమ్మ తిరిగొచ్చింది."

బతుకమ్మ సంగతి మీకు తెలుసు కదా. తంగేడు, గునుగు పూలు వరసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి, ఆడి, పాడి, పొద్దుగూకే వేళ నీళ్ళల్లో సాగనంపుతారు. ఎవరి బతుకమ్మ ఎత్తయితే వాళ్ళది ఆ యేడు పైచేయి. ఎత్తు ఎక్కువైతే నీళ్ళల్లోకి వదలగానే ఒరిగిపోతుంది. పెద్దక్క తన పొడుగు బతుకమ్మ ఒరక్కూడదని గుమ్మడాకుల కింద వెదురు పుల్లల చట్రం కట్టి, దానికి నేను పారేసిన బెండ్లు బీడీ దారంతో బిగించింది. ఆమెని చూసి మా షెడ్డు ఆడవాళ్ళందరూ అదే చేశారు.

నేను కట్ట ఎక్కేసరికి ఊరు సగం అక్కడే ఉంది. మిగతా బతుకమ్మలన్నీ ఎప్పుడో నీళ్ళల్లో కలిసిపోయాయి. మావాళ్ళవి మాత్రం గాలికి తిరిగి కొట్టుకొచ్చి, రేవు ముందు వరసగా నిలబడి ఉన్నాయి. మధ్యలో పెద్దక్కది, నెత్తిన గౌరమ్మతో, రాత్రి తడిసి ఇంకా బరువెక్కి, చెక్కుచెదరకుండా ఉంది. పైగా గుగ్గిలం వాసన.

"సాగనంపిన ఆడబిడ్డ తిరిగొస్తే అరిష్టమే" అంది ఒక ముసలామె.

"అరిష్టం గాదవ్వా! రాష్ట్రం ఇచ్చేదాక పోనని మొండికేసింది" అన్నాడొక కుర్రాడు. "సూడు, ధూపం వాసన ఎట్ల గుమ్మంటున్నదో!"

ఆ మాట కట్ట ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. డప్పులొచ్చాయి, జెండాలొచ్చాయి, మైకొచ్చింది. శివ్వంపేట నుంచి కూడా ట్రాక్టర్లలో జనం దిగారు. ఆ ఆకుల కింద ఉన్నవి నా రిజెక్టు మాల్ అని తెలిస్తే ఈ జనం పెద్దక్కని బతకనిస్తారా? షెడ్డుకి గోడలుంటాయా?

చిన్న పటేల్‌కి, టేక్మాల్ అమ్మాయికి చెవిలో చెప్పాను. జనం భోజనాలకి పోయినప్పుడు మెల్లగా దిగి బెండ్లు లాగేద్దామనుకున్నాం. ఇంతలో పటేల్ వచ్చాడు. పంచె పైకి కట్టి మోకాళ్ళ లోతు దిగాడు. పెద్దక్క బతుకమ్మ ముందు వంగి, చెయ్యి చాచి తాకి, కళ్ళకద్దుకున్నాడు. తర్వాత మైకు తీసుకున్నాడు.

"దసరా దాక ఎవ్వరు ముట్టొద్దు. చెయ్యి పెట్టినోని చెయ్యి ఇరగ్గొడ్త."

అంతే, రేవుకి కుర్చీ వేయించి కూర్చున్నాడు. ఆయన లేచినప్పుడు కమిటీ పిల్లలు కాపలా కాశారు. మా పని అయిపోయిందనుకున్నాం. ఆ పూట పెద్దక్క అన్నం ముట్టలేదు. "నా పోటీ పాడుగాను, బీడీలే నయం ఉండె" అని మా ఆవిడ దగ్గర ఏడ్చిందట.

దసరా పొద్దున్నే బోట్ల పెద్దమనిషి దిగాడు. లావుపాటి మనిషి, లుంగీ, భుజమ్మీద తువాలు.

"రోడ్డుకడ్డంగా కూర్చోబెట్టి భోజనం పెట్టే బందు నేనెక్కడా చూళ్ళేదండి. రెండు రోజులూ పప్పుచారే, మూడోసారి వడ్డిస్తే వద్దన్నా ఊరుకోలేదు" అన్నాడు.

ఊరంతా చెరువు దగ్గరే ఉంది కనక ఆయన కూడా అటే వచ్చేశాడు. కట్టమీద నిలబడి ఒక్కసారి గాలి పీల్చాడు. నీళ్ళకేసి చూశాడు. పడవలకి పూసే గుగ్గిలం వాసన, నీటిలో ఒరగకుండా నిలబడిన బరువు, ఆయనకి ఇంకా చెప్పాలా?

"ఓర్నీ, అవి బె..." అనబోతుండగా ఆయన కాలు గట్టిగా తొక్కాను. చెవిలో గబగబా సంగతి చెప్పాను. ఆయన నోరు మూసుకున్నాడు గానీ పొట్ట నవ్వుతో ఊగింది. తర్వాత చుట్టూ ఉన్న జెండాలు చూసి, తన కోస్తా యాస గుర్తొచ్చి, నవ్వు కూడా ఆపుకున్నాడు.

"ఎవరాయన?" అని మైకులోనే అడిగాడు పటేల్.

చిన్న పటేల్ నా వెనక్కి జరిగాడు. టేక్మాల్ అమ్మాయే చెప్పింది. "సముద్రం కాడికెల్లి వచ్చిండు మామా."

డప్పులు ఆగిపోయాయి. అందరి కళ్ళూ ఆయనమీదే. పెద్దమనిషి తువాలుతో చెమట తుడుచుకున్నాడు. పటేల్ లేచి నిలబడ్డాడు.

"మన పోరు ఆయనతోని గాదు. దారిల మన బువ్వ తిని వచ్చిండు. నీళ్ళ మనిషి. ఆడబిడ్డను సాగనంప మేనమామ రావాలె, వచ్చిండు. గౌరమ్మ మన మాట ఇన్నది, రాష్ట్రం వస్తదని మాటిచ్చి పోతున్నది. నువ్వు దిగు బాబూ."

పెద్దమనిషి దిగాడు. నడుముల దాకా, తర్వాత బతుకమ్మల్ని లోపలికి తోస్తూ ఛాతీ దాకా. బతుకమ్మకి దణ్ణం పెట్టాడు. చేతులు నీళ్ళల్లోకి పోయాయి. పెద్దక్క అందుకుని సాగనంపే పాట మొదలుపెట్టింది. మా షెడ్డు ఆడవాళ్ళంతా పళ్ళేలు పట్టుకుని ఆయన చుట్టూ నీళ్ళల్లోకి దిగి, గుండ్రంగా నిలబడి పాడారు. ఆయన నీళ్ళ కింద దారాలు తెంపుతున్నాడు, బెండ్లు ఒక్కోటీ పళ్ళెంలోకి, పళ్ళెం మీదకి కొంగు. ఒక బెండు జారి టప్పున పైకి లేచింది. పెద్దక్క పాట ఆపకుండానే దానిమీద పళ్ళెం బోర్లించేసింది.

బెండ్లు పోయాక మిగతావి ఒక్కొక్కటే ఒరిగాయి, చివరగా పెద్దక్క బతుకమ్మ ఒక్కసారి ఊగి, మెల్లగా దిగిపోయింది. పూలు వరసలు విడిపోయి నీళ్ళంతా పరుచుకున్నాయి. కట్టమీద జనం చేతులెత్తి మొక్కారు. అంతసేపు భయంతో చచ్చిన నేనూ మొక్కాను, నిజంగానే మొక్కాను.

షెడ్డులో పెద్దమనిషి తడి లుంగీతోనే కూర్చుని బెండ్లు తిప్పితిప్పి చూశాడు. ఒక్క చేప గాటు లేదు. ఒకటి రెండుగా కోశాడు. లోపల పొడిగా ఉంది.

"ఇవే కావాలండి నాకు" అన్నాడు.

నేను గొప్పగా పక్క గదిలోంచి నిటారు బెండ్ల బుట్ట తెచ్చి ముందు పెట్టాను. ఆయన వాటిని చూసి పెదవి విరిచాడు.

"అవి కాదండి. తాడు జారిపోద్ది వాటికి. కొసలు నొక్కినవి, ఇదిగో, ఈ బీడీల్లాంటివి."

పెద్దక్క మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిగతావాళ్ళకి ఆ మర్యాద కూడా లేదు, పడీపడీ నవ్వారు. ఆ తర్వాత రిటైరయ్యే దాకా నా ఉద్యోగం నిటారుగా ఉన్నవాటిని పారెయ్యడమే.

ఆ సాయంత్రం పటేల్ జమ్మి ఆకు పట్టుకుని షెడ్డుకొచ్చాడు. అందరికీ బంగారమని పంచి, అలాయ్ బలాయ్ అంటూ కొడుకుని కౌగిలించుకుని, "కోడిపిల్లలు వద్దని చెప్పిన" అన్నాడు. గౌరమ్మ ఆయన మనసు మార్చిందని పెద్దక్క ఊరంతా చెప్పుకుంది. నేనూ అలాగే నమ్మాను.

ఇక్కడితో మేం సముద్రాన్ని బాగుచేసేశామనుకోకండి. థర్మాకోల్ ఇంకా తేలుతూనే ఉంది. మా బెండ్లు కూడా కొన్ని తీరాల్లో తేలుతున్నాయి, అంతే. ఊరి బెంగ తీరేలా ఆ ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. పెద్దక్క దగ్గు మళ్ళీ రాలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు ఊళ్ళో టపాకాయల మోతకి చెవులు పనిచెయ్యలేదు. పటేల్ అప్పటికి మంచం పట్టాడు. చూడ్డానికి పోతే నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఏమోయ్, గా యేడు గౌరమ్మ కింద బెండ్లు పెట్టింది పెద్దక్కనేనా?"

నేను మంచం దగ్గరికి స్టూలు లాక్కున్నాను. "నీకెట్ల ఎర్కయింది పటేలా?"

"నా షెడ్డు వాసన నాకు తెల్వదా? మొదటి పొద్దుగాలనే దిగి చెయ్యి పెట్టి చూసిన."

"మరి ఎవ్వరు ముట్టొద్దని కుర్చీ ఏసుకొని కూసుంటివి?"

"రెండు రాత్రులు ఉండాలెనని మావోడు ఫోన్ల మాట్లాడంగ విన్న. నడుమల ఎవడన్న తీస్తే పరీక్ష ఎట్లయితది? మీరు ముగ్గురు గుసగుసలు పెట్టుడు చూడలేదనుకున్నవా?"

నాకు కళ్ళు చెమర్చాయి. కొడుకుతో ఒక్క మంచిమాట అనలేదనుకున్న మనిషి, కొడుకు బెండ్లకి రెండు రోజులు చెరువుగట్టున కాపలా కూర్చున్నాడు. ఈ మనిషిని నేను లోపల్లోపల ఎప్పుడో రిజెక్ట్ చేసి పెట్టుకున్నాను. అది చెప్పలేక, మాట మళ్ళించడానికి కొంచెం ఎగతాళిగా అడిగాను.

"అన్నీ తెలిసి, రాష్ట్రం వస్తదని గౌరమ్మ మాటిచ్చిందని మైకుల అంత పెద్ద అబద్ధమాడినవా పటేలా?"

బయట టపాకాయల లడీ ఒకటి మొదలైంది. అది అయ్యేదాకా ఆగి, పటేల్ కిటికీకేసి చెయ్యి చూపించాడు.

"అబద్ధమెట్లయితదిరా? వచ్చిందా, లేదా?"